గేటు ఊచలు నిటారుగా నిలబడ్డాయా లేదా: వీహెచ్‌ఎస్ వణుకు తగ్గించే సాఫ్ట్‌వేర్ల మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇప్పటికే కంప్యూటర్లోకి ఎక్కించేసిన వీహెచ్‌ఎస్ (పాత వీసీఆర్ క్యాసెట్) వీడియోలో నిలువు గీతలు పాముల్లా మెలికలు తిరుగుతుంటే, అది సరిచేస్తానని చెప్పే సాఫ్ట్‌వేర్ మీద డబ్బులు పెట్టకండి. నేను పెట్టాను, పోయాయి. రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని ఉచితంవీ, డబ్బులువీ, సగం పనిచేసేవీ, అసలు పనిచేయనివీ అన్నీ తిరగేశాక రాస్తున్నా కాబట్టి కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉంటే చదవండి.

నా దగ్గర ఉన్నవి నాన్న క్యామ్‌కార్డర్‌తో తీసిన ఇంటి టేపులు, అన్నీ పాల్ (మన దేశంలో టీవీకి వాడిన పద్ధతి) సిస్టమ్‌వి. వాటిలో ఒకదాంట్లో చెల్లి సైకిల్ నేర్చుకుంటూ ఉంటుంది, వెనకాల ఇనప గేటు, దానికి వరసగా నిలువు ఊచలు. ఇంతకంటే మంచి టెస్ట్ బొమ్మ ఎవరూ గీసి ఇవ్వలేరు. ఒక యూఎస్‌బీ డాంగుల్‌తో మొదటిసారి క్యాప్చర్ చేసి, అంటే కంప్యూటర్లోకి ఎక్కించి చూస్తే ఆ ఊచలు నీళ్ళలో నీడలా ఊగుతున్నాయి. చెల్లి బానే ఉంది, గేటే డాన్స్ చేస్తోంది. మరి చిన్నప్పుడు ఇదే టేపు టీవీలో చూస్తే ఇలా లేదే అనిపించింది, టేపు పాడైపోయిందేమో అనుకున్నా. కాదు, సంగతి వేరే.

టీవీ బొమ్మంటే ఒకదాని కింద ఒకటి గీసిన అడ్డగీతలే. పాత డబ్బా టీవీ ప్రతి గీతకీ ముందొచ్చే సింక్ పల్స్ (ఇక్కడ గీత మొదలు అని చెప్పే గుర్తు) చూసుకుని గీయడం మొదలుపెట్టేది, పల్స్ కాస్త ముందొస్తే గీతా ముందే, వెనకొస్తే వెనకే, అంటే టేపు వణుకుతో పాటు టీవీ కూడా వణికి సర్దుకునేది. వీసీఆర్ పెట్టుకోవడానికి ఒక ఛానల్ నంబరు ప్రత్యేకంగా ఉండేది గుర్తుందా, చాలా సెట్లలో ఆ ఛానల్లో ఈ సర్దుబాటు ఇంకా చురుగ్గా ఉండేట్టు పెట్టేవాళ్ళు. చవక క్యాప్చర్ డబ్బాకి ఆ తెలివి లేదు, గీతలన్నీ దాదాపు సమానంగా వస్తాయనుకుని తన లెక్క ప్రకారం కోసేస్తుంది.

ఎంత తేడాకి ఎంత వణుకో ఒక్కసారి లెక్కేస్తే తెలుస్తుంది. పాల్‌లో ఒక గీతకి 64 మైక్రోసెకన్లు. డిజిటల్ చేసేటప్పుడు సెకనుకి 1.35 కోట్ల శాంపిళ్ళు తీస్తారు, అంటే ఒక్క పిక్సెల్‌కి 74 నానోసెకన్లు. గీత ఒక్క మైక్రోసెకను అటూ ఇటూ అయితే 13 పిక్సెళ్ళు జరిగినట్టే. ఇంకోపక్క వీసీఆర్ లోపల టేపుని చదివే హెడ్లున్న 62 మిల్లీమీటర్ల డ్రమ్ నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంటుంది, అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అయితే దగ్గర దగ్గర 1800. అంత వేగంగా తిరిగే లోహపు ముక్క, దాని మీద సాగిపోయిన ప్లాస్టిక్ టేపు, అరిగిపోయిన రబ్బరు రోలర్లు, ఇవన్నీ కలిసి నానోసెకన్లలో టైం పాటించాలంటే ఎలా పాటిస్తాయి, ఎంతో కొంత వణకడం సహజం, అసలు బొమ్మ రావడమే గొప్ప.

ఇప్పుడు రివ్యూకి వద్దాం, కానీ ఒక్క మాట. వణుకు అని అందరం ఒకే పేరు పెట్టేది నిజానికి మూడు రోగాలు. తీసినవాళ్ళ చెయ్యి వణకడం ఒకటి. మొత్తం బొమ్మ పైకీ కిందకీ టకటకా ఎగరడం ఇంకోటి. గీత గీతకీ విడివిడిగా పక్కకి జరగడం మూడోది, నా గేటుకి వచ్చింది ఇదే. వీడియో ఆపేసి ఒక్కో ఫ్రేమే ముందుకి జరుపుతూ ఏదన్నా నిలువు అంచు చూడండి, తలుపో స్తంభమో. ఆగిపోయిన బొమ్మలో కూడా అంచు అలలా వంకరగా ఉంటే మూడో రోగం, అంచు నిటారుగా ఉండి బొమ్మంతా కదులుతుంటే మొదటి రెండిట్లో ఒకటి. ఈ చిన్న పరీక్ష ముందే చేసి ఉంటే నాకు మూడు వారాలు మిగిలేవి. రోగం ఒకటి, మందు ఇంకోటి అయిపోయింది నా పని.

మొదట వాడింది డీషేకర్. గున్నార్ థాలిన్ రాసిన ఉచిత ఫిల్టర్, వర్చువల్‌డబ్ అనే వీడియో ప్రోగ్రాంలో పెట్టుకుని వాడాలి. రెండు విడతల్లో పనిచేస్తుంది, మొదటి విడతలో వీడియో అంతా చూసి ఏ ఫ్రేము ఎటు కదిలిందో ఒక లాగ్ ఫైల్లో రాసుకుంటుంది, రెండో విడతలో దాన్ని బట్టి ఫ్రేముల్ని జరిపి, తిప్పి, అవసరమైతే కాస్త జూమ్ చేసి పెడుతుంది. నాన్న చేతి వణుకుకి అద్భుతం, నిజంగా. సైకిల్ వెనకాల పరిగెడుతూ తీసిన షాట్ చూస్తే కళ్ళు తిరిగేవి, ఇప్పుడు హాయిగా చూడొచ్చు. కానీ గేటు ఊచల్ని ఒక్క పిసరు కూడా సరిచేయలేదు, ఎందుకంటే అది దాని పని కాదు, ఫ్రేముని మొత్తంగా జరుపుతుందే తప్ప ఒక్కో గీతని విడిగా జరపదు. పైగా గీతల మెలికల్నే కెమెరా కదలిక అనుకుని అక్కడక్కడా లేని కుదుపు కొత్తగా పెట్టింది.

వాడేవాళ్ళకి రెండు జాగ్రత్తలు చెప్తా. బొమ్మ అడుగున, ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కి మారేచోట, చిరిగినట్టు కనిపించే నాలుగైదు గీతలుంటాయి, పక్కల నల్ల అంచులుంటాయి, వాటిని ముందే కత్తిరించేయండి, లేకపోతే కదలకుండా ఉన్న ఆ నల్ల అంచుని చూసి ఇది మోసపోతుంది. ఇంకా, ఇంటర్లేస్ ఉన్న వీడియోని (ప్రతి ఫ్రేమూ గీత విడిచి గీతగా రెండు ఫీల్డులుగా ఉండేది) అలాగే ఇవ్వకుండా, స్క్రిప్టులతో నడిచే ఏవీసింత్ అనే టూల్లో క్యూటీజీఎంసీ అనే స్క్రిప్టుతో డీఇంటర్లేస్ చేసి, సెకనుకి 50 ఫ్రేములు చేసుకుని ఇస్తే చాలా నున్నగా వస్తుంది. క్యూటీజీఎంసీ నిదానమే గానీ ఈ పనికి దాన్ని మించింది నేనింకా చూడలేదు. కమాండ్ లైన్ అలవాటున్నవాళ్ళు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత టూల్‌తో విడ్‌స్టాబ్ ఫిల్టర్ వాడొచ్చు, అదీ ఇలాగే రెండు విడతలు, ఫలితంలో నాకు పెద్ద తేడా కనపళ్ళేదు.

రెండో రోగం, అదే టకటకా ఎగరడం, దీనికైతే సాఫ్ట్‌వేర్ కొనడమే దండగ, చాలాసార్లు ఇది ఫీల్డ్ ఆర్డర్ తప్పు. ఒక ఫ్రేములో రెండు ఫీల్డులుంటాయి కదా, ఏది ముందు ఏది వెనక అన్నది తారుమారైతే కదిలే ప్రతి వస్తువూ రెండడుగులు ముందుకి ఒకడుగు వెనక్కి వేస్తుంది. డీవీ అనే డిజిటల్ టేపులూ డీవీ క్యాప్చర్లూ కింది ఫీల్డు ముందుగా వస్తాయి, మామూలు క్యాప్చర్ కార్డులు చాలావరకు పై ఫీల్డు ముందు. ఏవీసింత్ స్క్రిప్టులో పై ఫీల్డు ముందనో కింది ఫీల్డు ముందనో చెప్పే ఒకే ఒక్క లైను ఉంటుంది, అది మార్చితే పోతుంది. నా టేపుల్లో మూడింటికి ఇదే జరిగింది, మొత్తం ఈ రెండు నెలల్లో నాకు అతి తేలిగ్గా దొరికిన విజయం ఇదే, ఖర్చు సున్నా.

ఇక డబ్బులు పోసి కొన్న ఏఐ సాఫ్ట్‌వేర్. పేరు చెప్పను, గొడవలు నాకొద్దు. దాని స్టెబిలైజ్ బటన్ నొక్కితే డీషేకర్ చేసే పనే అందంగా చేసింది, ఊచల విషయంలో మాత్రం వంకర ఊచల్ని వంకరగానే ఉంచి, వాటిని ఇంకా స్పష్టంగా, మెరిసేలా చేసి పెట్టింది. ముందు మసగ్గా ఊగే గేటు, ఇప్పుడు హెచ్‌డీలో ఊగుతోంది! చెల్లి మొహం మైనం బొమ్మలా తయారైంది, అది వేరే ఏడుపు. ట్రయల్ వాటర్‌మార్క్‌తో వచ్చింది చూసే ఆగాల్సింది.

అక్కడ దెబ్బతిన్నాక కాస్త బుర్ర పెట్టి ఆలోచించా, గీతలు జరిగితే వాటిని వెనక్కి జరపడమేగా, ఎంత జరిగాయో తెలిస్తే చాలు కదా అని. ఆ ఆలోచన అప్పటికే ఎంతోమందికి వచ్చింది, ఏవీసింత్‌లో ఆ పద్ధతి స్క్రిప్టులున్నాయి. బొమ్మ ఎడమపక్క నల్ల అంచు ఉంటుంది కదా, బొమ్మ మొదలయ్యే చోటు ప్రతి గీతకీ ఒకటే ఉండాలి, కాబట్టి ఒక్కో గీతలో నలుపు ఎక్కడ ఆగిందో చూసి, తేడా ఎంతుంటే అంత వెనక్కి లాగేయడం. వినడానికి ఎంత బాగుందో. ఎండలో తీసిన టేపుకి పెట్టాను, గేటు ఊచలు మొదటిసారి దాదాపు నిటారుగా నిలబడ్డాయి, కుర్చీలోంచి లేచి అరిచానంటే నమ్మండి. ఆ ఆనందం సరిగ్గా నలభై సెకన్లు, ఎందుకంటే నాన్న కెమెరా నీడలోకి తిప్పారు. ఎడమ అంచు దగ్గర బొమ్మే నల్లగా ఉంటే, నలుపు ఎక్కడ ఆగి బొమ్మ ఎక్కడ మొదలైందో స్క్రిప్టుకి ఏం తెలుస్తుంది, ఇష్టమొచ్చినట్టు ఊహించి గీతల్ని చెల్లాచెదురు చేసేసింది. రాత్రి షాట్లయితే రంపం పళ్ళే. షాట్ షాట్‌కీ విడిగా సెట్టింగులు మారుస్తూ కూర్చుంటే ఒక పది నిమిషాల టేపుకి ఆదివారం మొత్తం పోయింది.

ఇది మీ టేపుకి పనికొస్తుందో లేదో కనిపెట్టడం తేలికే. ఎడమ నల్ల అంచు కూడా బొమ్మతో పాటు మెలికలు తిరుగుతుంటే ఆశ ఉంది. అంచు గీత గీసినట్టు నిటారుగా ఉండి లోపలి బొమ్మ మాత్రమే ఊగుతుంటే, ఆ వణుకు ఇంతకు ముందు ఏదో కాపీలోనే బొమ్మలో కలిసిపోయి ఉంటుంది, ఇక ఆ దారి మూసుకుపోయినట్టే.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గీత ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే సింక్ పల్స్ టేపులో భద్రంగానే ఉంది, కానీ క్యాప్చర్ డబ్బా బొమ్మ ఉన్న భాగాన్ని, అంటే 64లో సుమారు 52 మైక్రోసెకన్లని మాత్రమే ఉంచుకుని సింక్‌ని పారేస్తుంది. కొలబద్ద పారేసి కొలతలు సరిచేయమంటున్నాం మనం. క్యాప్చర్ అయ్యాక వాడే సాఫ్ట్‌వేర్లన్నీ చేతులు కాలాక పట్టుకునే ఆకులే, కొన్ని మెత్తటి ఆకులు, కొన్ని ముళ్ళవి, అంతే తేడా.

మరి చేతులు కాలకముందే పట్టుకోవాలంటే టీబీసీ, అంటే టైమ్ బేస్ కరెక్టర్ కావాలి. ప్రతి గీతనీ కాసేపు మెమరీలో ఆపుకుని, సరైన టైముకి బయటికి వదిలే సర్క్యూట్ అది. కొన్ని మంచి ఎస్-వీహెచ్‌ఎస్ వీసీఆర్లలో లోపలే ఉంటుంది. అవి దొరకనివాళ్ళు పాత డీవీడీ రికార్డర్ మధ్యలో పెడతారు, రికార్డ్ చేయడానికి కాదు, సిగ్నల్ ఒకపక్క నుంచి వచ్చి ఇంకోపక్క నుంచి పోయేదారిలో గీతలు సర్దుకుంటాయని, పానసోనిక్ డీఎంఆర్-ఈఎస్10, ఈఎస్15 ఈ పనికి బాగా పేరున్నవి. ఇది సాఫ్ట్‌వేర్ కాదు గానీ కష్టానికి తగ్గ ఫలితం అంటే దీనికే నా ఓటు. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి, ఫ్రేమ్ టీబీసీ అని విడిగా అమ్మే డబ్బాలు వేరు, అవి ఫ్రేములు జారిపోకుండా, ఆడియో తప్పిపోకుండా కాపాడతాయి, గీతల మెలికలు తీయడం వాటి ముఖ్యమైన పని కాదు. పేరులో టీబీసీ ఉంది కదా అని ఎగబడితే నాలాగే రెండోసారి దెబ్బ తింటారు.

ఇక చివరిగా, ఈ రివ్యూ నిజానికి దేనికోసం మొదలుపెట్టానో అది, వీహెచ్‌ఎస్-డీకోడ్. లేజర్‌డిస్క్‌ల కోసం పుట్టిన ఎల్‌డీ-డీకోడ్ అనే ప్రాజెక్టులోంచి వచ్చిన పిల్ల ఇది, ఉచితం, సోర్స్ కోడ్ అంతా బయటే ఉంది. దీని దారే వేరు. వీసీఆర్ తయారుచేసిన బొమ్మని తీసుకోదు, హెడ్డు టేపు మీద నుంచి చదివిన ఆర్‌ఎఫ్ సిగ్నల్‌ని పచ్చిగా అలాగే తీసుకుంటుంది, మిగతా వంటంతా కంప్యూటరే చేస్తుంది. సింక్ పల్సులు కూడా అందులోనే ఉంటాయి కాబట్టి ప్రతి గీత ఎక్కడ మొదలైందో వెతికి పట్టుకుని, సాగిన గీతని కుదించి, కుదించుకుపోయిన దాన్ని సాగదీసి, అన్నిటినీ ఒకే పొడవుకి తెస్తుంది. టీబీసీ సర్క్యూట్ చేసే పనే, సాఫ్ట్‌వేర్‌లో, ఎన్నిసార్లయినా మళ్ళీ మళ్ళీ.

కానీ వాడటం పిల్లలాట కాదు. వీసీఆర్ మూత విప్పాలి, బోర్డు మీద ఆర్‌ఎఫ్ అనో ఎఫ్‌ఎం అనో రాసున్న టెస్ట్ పాయింట్ వెతకాలి, మధ్యలో చిన్న కెపాసిటర్ పెట్టి సన్న కేబుల్ టంకం వేయాలి. కరెంటు వచ్చే పవర్ సప్లై వైపు చెయ్యి పెట్టకండి, ప్లగ్ తీసినా దాంట్లో కాసేపు కరెంటు నిల్వ ఉంటుంది. టంకం రానివాళ్ళు వచ్చినవాళ్ళతో వేయించుకోండి, మొండికేయొద్దు. సిగ్నల్ పట్టుకోవడానికి డోమ్స్‌డే డూప్లికేటర్ అనే బోర్డు ఉంది, లేదంటే కోనెక్సాంట్ సీఎక్స్2388 వరస చిప్పున్న పాత టీవీ ట్యూనర్ కార్డు, నేను కార్డే వాడాను, లినక్స్ మీద సీఎక్స్ఏడీసీ డ్రైవర్‌తో. ఈ కార్డు సెకనుకి దాదాపు 2.86 కోట్ల శాంపిళ్ళు తీస్తుంది, 8 బిట్‌లో గంట టేపు 100 జీబీ దాటిపోతుంది. ఫ్లాక్‌తో (ఏమీ పోకుండా కుదించే పద్ధతి) కుదిస్తే బాగానే తగ్గుతుంది, అయినా ఖాళీ డిస్క్ చూసుకునే దిగండి.

తర్వాత డీకోడ్. నల్ల తెర, టైపు చేసే కమాండ్లు, అందమైన బటన్లు ఆశించకండి. నా కంప్యూటర్లో సెకనుకి నాలుగైదు ఫ్రేములు నడిచింది, పాల్ టేపు గంటకి 90,000 ఫ్రేములు, ఐదు ఫ్రేముల లెక్కనే వేసుకున్నా గంట టేపుకి ఐదు గంటలు. రాత్రి పెట్టి పడుకోవడమే. బయటికొచ్చేది మామూలు వీడియో కాదు, వెలుగు ఒక ఫైలు, రంగు ఇంకో ఫైలు, దాన్ని మళ్ళీ వీడియోగా మార్చే టూలు వేరే. మధ్యలో ఎల్‌డీ-అనలైజ్ అని ఒక వ్యూయర్ ఉంది, దాంట్లో ఫ్రేము ఫ్రేముకీ ఎక్కడ సిగ్నల్ చచ్చిపోయిందో చూడొచ్చు, ఆ తెల్లటి చారల్ని పక్క గీతల్లోంచి అతుకు వేసే టూలు కూడా ఉంది, అతుకు వేసినట్టే తెలియదు. ఆడియోనే తలనొప్పి. హైఫై ట్రాక్ ఉన్న టేపులకి దాని ఆర్‌ఎఫ్ విడిగా పట్టుకుని విడిగా డీకోడ్ చేయాలి, మామూలు ఆడియో అయితే వేరేగా రికార్డు చేసి వీడియోతో జత కలపాలి, మొదటి రెండు టేపుల్లో పెదాలు ఒకచోట మాట ఒకచోట వచ్చి నాకు ఏడుపొచ్చింది.

మరి గేటు? నిలబడింది. పై నుంచి కింద వరకు, ప్రతి ఊచా, ఎండలోనూ నీడలోనూ. బొమ్మ పైభాగం జెండాలా పక్కకి ఒరిగిపోయేది కదా, అది కూడా చాలావరకు పోయింది. పాత క్యాప్చరూ ఇదీ పక్కపక్కన పెట్టి చెల్లికి పంపితే గేటు సంగతి పట్టించుకోలేదు, నా జడలేంటి అలా ఉన్నాయి అంది. అంతేలెండి.

చేయలేనివి కూడా చెప్పాలి కాబట్టి చెప్తున్నా. హెడ్లు మురికిగా ఉన్నా, ట్రాకింగ్ తప్పినా, ఆర్‌ఎఫ్ లోనే సరుకు ఉండదు, అప్పుడు ఏ డీకోడరూ లేనిది పుట్టించలేదు. వీసీఆర్ శుభ్రం చేసుకోవడం, ఏళ్ళ తరబడి కదలని టేపుని ఒకసారి ఆ చివర్నుంచి ఈ చివరి దాకా తిప్పి మళ్ళీ చుట్టడం, వేరే వీసీఆర్లో ప్లే చేసి చూడటం, ఈ పాత పనులేవీ తప్పవు. నా దగ్గర ఒక టేపు రెండో వీసీఆర్లో పెడితే సగం వణుకు దానంతటదే తగ్గింది, ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా.

కాబట్టి నా లెక్క ఇది. చేతి వణుకుకి డీషేకర్ కళ్ళు మూసుకుని వాడండి. ఒకటో రెండో టేపులే ఉండి గీతలు మెలికలు తిరుగుతుంటే టీబీసీ ఉన్న వీసీఆర్ గానీ డీవీడీ రికార్డర్ గానీ ఎవరి దగ్గరన్నా అడిగి తెచ్చుకుని మళ్ళీ క్యాప్చర్ చేయండి, ఈసారి ఎంపెగ్‌లోకి కాకుండా హఫ్‌వైయూవీ లాంటి లాస్‌లెస్ (బొమ్మ నాణ్యత పోకుండా కుదించే) కోడెక్‌లోకి, కుదించని పాల్ వీడియో గంటకి 75 జీబీ ఉంటే ఇందులో సుమారు సగానికి వస్తుంది. పాత క్యాప్చర్ ఫైలు ఒక్కటే మిగిలి, టేపుని మళ్ళీ క్యాప్చర్ చేసే వీలే లేకపోతే మాత్రమే ఆ నల్ల అంచు స్క్రిప్టులు. టేపులు ఎక్కువుండి, టంకం కర్ర పట్టుకోగలిగి, రాత్రంతా ఫ్యాను మోత భరించగలిగితే వీహెచ్‌ఎస్-డీకోడ్, ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర మార్కు ఆడియో దగ్గర కోశా.

ఇంకోటి, డీకోడ్ అయిపోయింది కదా అని ఆర్‌ఎఫ్ ఫైళ్ళు తీసేయకండి. డీకోడర్ కొత్త వెర్షన్లు వస్తూనే ఉన్నాయి, మొదటి టేపుని కొత్తదానితో మళ్ళీ నడిపితే టేపుని ముట్టుకోకుండానే రంగు ఇంకాస్త శుభ్రంగా వచ్చింది. ఎక్కువసేపు పట్టాలని నిదానం స్పీడులో రికార్డ్ చేసిన రెండు టేపులు ఇప్పటికీ సరిగ్గా రాలేదు, వాటి ఫైళ్ళు విడిగా ఒక డిస్కులో పెట్టి ఉంచాను.